మిగిలిన అన్నం మాట

చెల్లీ, రాత్రి అందరూ తిన్నాక గిన్నె అడుగున రెండు గరిటెల అన్నం మిగులుతుంది చూడు, ఈసారి ముచ్చట దాని గురించే. ఆ రెండు గరిటెలూ ఎవరి కంచంలోకి వెళతాయో మనిద్దరికీ తెలుసు. ఆయనకి పొగలు కక్కే అన్నమే కావాలి. పిల్లలు పొద్దున్నే ఇడ్లీ అంటారు. అత్తగారికి చల్లన్నం పడదు. పోనీ పారేద్దామంటే ప్రాణం ఒప్పదు. మర్నాడు పదకొండింటికి, ఇల్లు ఖాళీ అయ్యాక, ఇంత పచ్చడి కలుపుకుని పొయ్యిగట్టు దగ్గర నిలబడే తినేసేది నువ్వే.

ఆ మధ్యాహ్నం కడుపులో తిప్పితే ఎండ తగిలిందంటావు, గ్యాసంటావు, నిద్ర చాల్లేదంటావు. అన్నాన్ని మాత్రం అనుమానించవు. ఎలా అనుమానిస్తాం? జ్వరమొచ్చినా మెత్తగా పిసికి పెట్టేది అన్నమే, పసివాడికి తొలిసారి నోట్లో పెట్టేదీ అన్నమే. అందుకే దీని సంగతి ఎవరో భయపెట్టి చెప్పేకన్నా నేనే కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను.

అన్నంతో వచ్చే ఈ జబ్బుకి కారణమైన బ్యాక్టీరియా పేరు బాసిల్లస్ సీరియస్. దాని సొంతూరు మట్టి. వరి చేలో మట్టిలో ఉంటుంది, పంటతోపాటు కళ్ళానికొస్తుంది, మిల్లుకెళుతుంది, అక్కణ్ణుంచి నీ బియ్యం డబ్బాలోకి దిగుతుంది. మూడు నీళ్ళు కాదు, ఆరు నీళ్ళు పోసి కడిగినా పూర్తిగా పోదు. ఇందులో నీ శుభ్రతకి వచ్చిన లోటేం లేదు, బియ్యం అమ్మినవాడి మోసమూ లేదు. మట్టిలో పండిన ధాన్యం కాస్తో కూస్తో దాన్ని మోసుకొస్తుంది.

మరి కుతకుత ఉడికిస్తున్నాం కదా, చావదా అంటావు. మామూలు రూపంలో ఉంటే చస్తుంది. కానీ తేమ లేక, తిండి లేక ఇబ్బంది వచ్చినప్పుడు ఇది స్పోర్ అనే రూపంలోకి ముడుచుకుపోతుంది. గట్టి పెంకున్న విత్తనం లాంటిదనుకో. ఏళ్ళ తరబడి అలాగే ఉండగలదు. ఎసట్లో మరిగినా చాలా స్పోర్లు బతికే ఉంటాయి. పైగా ఆ వేడే వాటిని మొలకెత్తమని లేపుతుంది. పక్కనున్న మిగతా సూక్ష్మజీవులన్నీ ఉడికి చచ్చిపోయాయి, పోటీకి ఎవరూ లేరు. చుట్టూ మెత్తటి పిండి పదార్థం, కావలసినంత తడి, నులివెచ్చటి వేడి. ఇక దానికి కావలసింది ఒక్కటే, సమయం. ఆ సమయం ఇచ్చేది మాత్రం మనమే.

మధ్యాహ్నం పన్నెండింటికి కుక్కర్ దించావనుకో. మూత తీయకుండా అలాగే వదిలేస్తే సాయంత్రం ఆరింటికి కూడా అన్నం ముద్ద నడిమధ్య వేలు గుచ్చి చూడు, ఇంకా గోరువెచ్చగా తగులుతుంది. పైపొర చల్లారి గట్టిపడుతుంది, లోపల మాత్రం వెచ్చదనం పోదు. సరిగ్గా అలాంటి చోట బ్యాక్టీరియా దాదాపు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒక్కటే ఒక్కటి మొలకెత్తిందనుకున్నా ఆరు గంటల్లో రెండు లక్షల అరవై వేలు దాటుతుంది. గ్రాము అన్నంలో లక్ష దాకా చేరితే జబ్బు చేసే స్థాయికి వచ్చినట్టే. అయినా అన్నం తెల్లగానే ఉంటుంది, వాసన రాదు, జిగురు సాగదు. ఆహారాన్ని పాచివాసన పట్టించేవి వేరే సూక్ష్మజీవులు. జబ్బు చేసేవి చాలాసార్లు ఏ కబురూ లేకుండానే పెరిగిపోతాయి. ముక్కుతో వాసన చూసి బాగానే ఉందనుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇది రెండు రకాలుగా బాధిస్తుంది. ఒకటి వాంతులు. అన్నంలో పెరిగేటప్పుడే సీరియులైడ్ అనే విషాన్ని తయారుచేసి పెట్టేస్తుంది. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపే వాంతులు మొదలవుతాయి. ఆ విషం మన జీర్ణాశయం నుంచి మెదడుకి వెళ్ళే నరాన్ని రెచ్చగొడుతుంది, అందుకే అంత త్వరగా తిప్పేస్తుంది. రెండోది విరేచనాలు. బ్యాక్టీరియా బతికుండగా పేగులోకి చేరి అక్కడ వేరే విషాలు తయారుచేస్తుంది, అది ఆరు నుంచి పదిహేను గంటలకి బయటపడుతుంది. చాలామందికి రెండు రకాలూ ఒక రోజులో తగ్గిపోతాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకో. మళ్ళీ వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది, సీరియులైడ్ మాత్రం చెక్కుచెదరదు. 121 డిగ్రీల వేడిలో గంటన్నర ఉంచినా అది తట్టుకుంటుంది. నీ పెనం మీద, మైక్రోవేవ్‌లో నువ్వు పెట్టే వేడి దాన్నేం చేయలేదు. "పోపు పెట్టేశాంగా, పరవాలేదు" అనే మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలో నీకు తెలుసు. ఆ మాటని ఇక వదిలెయ్.

ఈ బ్యాక్టీరియా మనుషుల్ని జబ్బు పడేస్తుందని లోకానికి గట్టిగా చూపించినవాడు నార్వే దేశపు శాస్త్రవేత్త స్టైనార్ హాగె. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకి ఓస్లోలో వెనిలా సాస్ తిన్నవాళ్ళు వందల మంది విరేచనాల పాలయ్యారు. సాస్ చిక్కబడటానికి కలిపిన మొక్కజొన్న పిండిలో స్పోర్లున్నాయి. ఇదే కారణమని రుజువు చేయడానికి ఆయన ఆ బ్యాక్టీరియాని సాస్‌లో పెంచి తానే తాగాడు, పదమూడు గంటల తర్వాత మంచాన పడ్డాడు. అన్నం సంగతి బయటపడింది 1970ల మొదట్లో, బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్ళలో. ఫ్రైడ్ రైస్ కోసం రాత్రే పెద్దమొత్తంలో అన్నం వండి, ఫ్రిజ్‌లో పెడితే ముద్దకడుతుందని బయటే ఆరబెట్టేవాళ్ళు. మర్నాడు గుడ్డు కొట్టి గబగబా వేయించి ఇచ్చేవాళ్ళు. తిన్నవాళ్ళకి గంటల్లో వాంతులు. నిన్నటి అన్నమైతే ఫ్రైడ్ రైస్ పలుకుపలుకుగా వస్తుందని ఇప్పుడు మనమూ అనుకుంటున్నాం కదా. నిన్నటి అన్నంతో తప్పు లేదు. అది నిన్న రాత్రంతా ఎక్కడుందన్నదే అడగాల్సిన ప్రశ్న.

అయితే చద్దన్నం తిని పెరిగిన మన తాతలు, అమ్మమ్మలు ఎలా బతికారంటావు. ఇదే నాకు ఎంతో ఇష్టమైన సంగతి. వాళ్ళు అన్నాన్ని ఉత్తినే వదిలేయలేదు, పులియబెట్టారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి మజ్జిగ కలిపేవారు. లేదా వేడన్నంలో పాలు పోసి, నులివెచ్చగా అయ్యాక పెరుగు చుక్క వేసి తోడన్నం చేసేవారు. గంజి వార్చి తరవాణి కుండలో పోసేవారు. పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లపు బ్యాక్టీరియా అన్నాన్ని పట్టుకుని పులుపెక్కిస్తుంది. ఆ పులుపులో బాసిల్లస్ సీరియస్ ఎదగలేదు. అంటే మనకి మేలు చేసే బ్యాక్టీరియాకి ముందుగా చోటిచ్చి, కీడు చేసేదాన్ని రానీయకుండా చేసేవాళ్ళన్నమాట. పేరేమిటో, రూపమేమిటో తెలియకపోయినా ఆ పద్ధతిని పట్టుకున్నారు. ప్రయాణానికి పులిహోర కట్టుకెళ్ళడంలోనూ ఉన్నది చింతపండు పులుపే.

కానీ చెల్లీ, ఆ పద్ధతికి ఓ షరతు ఉంది. అన్నం తాజాగా ఉండగానే తోడుపెట్టాలి. పొద్దున్న వండిన అన్నం రాత్రి దాకా గిన్నెలో మగ్గి, అప్పుడు నీళ్ళు పోసి చద్దన్నం అంటే కుదరదు. అప్పటికే విషం తయారై ఉంటే పెరుగు దాన్ని విరగ్గొట్టలేదు. ఇప్పటి మన ఇళ్ళల్లో ఎక్కువగా జరుగుతున్నది ఇదే. పెద్దవాళ్ళ వంటకం పేరు మిగిలింది, వాళ్ళ వేళ మిగల్లేదు.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. తినడం అయిపోగానే మిగిలిన అన్నాన్ని గిన్నెలోంచి తీసి వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరుచు. ఫ్యాను కింద పావుగంటలో ఆవిరి పోతుంది. మూత ఉన్న డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టు. వండిన అన్నం బయట రెండు గంటలకి మించి ఉండకూడదంటారు, వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఊళ్ళల్లో ఏప్రిల్, మే నెలల్లో పగలంతా 32 డిగ్రీలు దాటే ఉంటుంది కాబట్టి నువ్వు గంట లెక్కే పెట్టుకో. మర్నాటికల్లా తినేయి, ఒక్కసారే వేడి చేయి, పొగలొచ్చేదాకా చేయి. ఐదు డిగ్రీల లోపు, అరవై డిగ్రీల పైన ఈ బ్యాక్టీరియాకి పెరిగే వీలు దాదాపు లేదు. ఆ రెండింటి మధ్యే దాని బతుకంతా. అందుకే హాట్ ప్యాక్‌ని అతిగా నమ్మొద్దు. మొదటి గంట బాగానే ఉంటుంది, తర్వాత మెల్లగా అరవై కిందికి దిగి, చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. పిల్లాడి లంచ్ బాక్సులో అన్నం పొద్దున్న ఏడింటికి సర్దితే వాడు తినేది పన్నెండున్నరకి. ఆ బాక్సుకి పెరుగన్నమో, పులిహోరో మంచి తోడు. గుడ్డు ఫ్రైడ్ రైస్ ఇంట్లో ఉన్న ఆదివారానికి ఉంచు.

అన్నం నుంచి ఇక మన చేతికొస్తాను. స్టెఫిలోకోకస్ ఆరియస్ అని ఇంకో బ్యాక్టీరియా ఉంది. దాని కాపురం మన ముక్కులో, చర్మం మీద. ప్రతి నలుగురైదుగురిలో ఒకరి ముక్కులో ఏ జబ్బూ చేయకుండా ఉంటుంది. కత్తిపీటకి తెగిన వేలితోనో, తుమ్మిన చేతితోనో వండిన పదార్థాన్ని కలిపితే అందులోకి దిగుతుంది. కోవా, పనీర్, క్రీం ఉన్న స్వీట్లంటే దానికి మహా ఇష్టం. దాని విషమూ వేడికి లొంగదు. తెగిన వేలికి పసుపద్ది పనిలో పడిపోతాం మనం. చెల్లీ, ఆ వేలికి ప్లాస్టర్ వేసి పైన గ్లవుజు తొడుగు. లేదా ఆ పూట కలిపే పని ఆయనకి అప్పగించు. కలపడం మగవాళ్ళకీ వస్తుంది.

బ్యాక్టీరియా ఒకటే అయినా ఇంట్లో అందరికీ ఒకేలా జబ్బు చేయదు. అదే గిన్నెలో తిన్న నలుగురిలో ఇద్దరికి ఏమీ కాదు. జీర్ణాశయంలో ఉండే ఆమ్లం మన తొలి కాపలా, లోపలికొచ్చిన బ్యాక్టీరియాలో చాలావాటిని అదే చంపేస్తుంది. పసిపిల్లలకి, పెద్దవయసు వాళ్ళకి ఆ కాపలా తక్కువ. ఇంకొకళ్ళు కూడా ఉన్నారు, మనం పట్టించుకోనివాళ్ళు. పరగడుపున రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళు. ఆ మాత్ర చేసే పనే ఆమ్లాన్ని తగ్గించడం. అలా తగ్గినవాళ్ళకి సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా కాస్త లోపలికి చేరినా చాలు, జబ్బు పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి ఎవరూ అడక్కుండా వేసుకుంటున్నావా? అయితే ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంకా అవసరమా అని అడుగు. నీ అంతట నువ్వు మానేయకు. కడుపుతో ఉన్న చెల్లెళ్ళకి ఇంకో మాట: లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతుంది, కడుపులో బిడ్డకి ముప్పు తెస్తుంది. పచ్చిపాలు, కాచని పాలతో చేసినవి ఆ నెలల్లో ముట్టకు.

టైఫాయిడ్ కథ వేరు. దాని బ్యాక్టీరియాకి మనిషి తప్ప వేరే ఇల్లు లేదు. జబ్బు నయమయ్యాక కూడా కొందరి పిత్తాశయంలో ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. వాళ్ళకి ఏ బాధా ఉండదు, వాళ్ళ చేతి వంట తిన్నవాళ్ళకి మాత్రం జ్వరం వస్తుంది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే ఐరిష్ వంటమనిషి అలాంటిదే. ఆమె పనిచేసిన ఇళ్ళల్లో ఒకరి తర్వాత ఒకరికి టైఫాయిడ్ వచ్చింది. 1907లో ఆమెని పట్టుకెళ్ళి ఒక ద్వీపంలో ఒంటరిగా ఉంచారు. 1910లో వంట చేయనని మాట తీసుకుని వదిలారు. వేరే పనిలో కూలి చాలక మళ్ళీ వంటకే చేరింది. 1915లో మళ్ళీ పట్టుకుని, 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంచేశారు. తనకి జబ్బుందని ఆమె చివరిదాకా నమ్మలేదు. ఆమెలాగే బ్యాక్టీరియా మోస్తున్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకొందరు ఉండేవాళ్ళు, వాళ్ళెవరినీ ఇలా జీవితాంతం బంధించలేదు. పేద వంటమనిషి కాబట్టే ఇంత శిక్ష పడిందని నేననుకుంటాను. మీ ఇంట్లో పనిచేసే ఆమెని అనుమానంగా చూడమని కాదు ఈ కథ చెప్పింది. ఆమెకీ నీకూ ఒకటే సబ్బు, ఒకటే కుళాయి అందుబాటులో ఉంచు. పిల్లలకి టైఫాయిడ్ టీకా వేయించు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకి 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దక్కింది. ఆరు నెలలు నిండిన పాపాయికి కూడా వేయొచ్చు.

ఇప్పుడు నీళ్ళు. కలరా బ్యాక్టీరియా మనుషుల్లో మాత్రమే తిరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్వెల్ ఏళ్ళ తరబడి పరిశోధించి, అది ఉప్పు కలిసిన నదీముఖాల నీళ్ళల్లో, చెరువుల్లో సహజంగానే బతుకుతుందని చూపించింది. కంటికి కనీకనపడని నీటిపురుగుల ఒంటికి వేలకొద్దీ అతుక్కుని ఉంటుంది. ఇక్కడే మన చీర వచ్చింది. ఒంటరి బ్యాక్టీరియా ఏ గుడ్డలోంచైనా జారిపోతుంది, పురుగుని పట్టుకున్నది జారలేదు. పాత నూలు చీరని ఎనిమిది పొరలుగా మడత పెట్టి వడకడితే చాలు. కొత్త చీరకన్నా పాతదే మేలట. ఉతికి ఉతికి నూలు పోగులు విచ్చుకుని మధ్యనున్న సందులు ఇరవై మైక్రాన్లకి ఇరుకవుతాయి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 పల్లెల్లో ఇది చేయించి చూశారు. చీరతో వడకట్టిన ఇళ్ళల్లో కలరా 48 శాతం తగ్గింది. 2003లో ఈ ఫలితం అచ్చయింది. ఖర్చు లేదు, కరెంటు లేదు, ఆడవాళ్ళ పెట్టెలో ఉన్న పాత చీర. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఆ పల్లెల ఆడవాళ్ళంటే నాకెంతో గౌరవం. ఇప్పుడు నువ్వు తాగే నీళ్ళకి వడకట్టడం ఒక్కటే చాలదు, కాచడమో, ఫిల్టరో ఉండాల్సిందే. వరదలొచ్చి వారం పాటు ఏ సదుపాయమూ లేనప్పుడు మాత్రం ఈ మాట గుర్తుంచుకో.

కలరా మనిషిని చంపేది ఒంట్లో నీరు తోడేసి. దాని విషాన్ని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కనిపెట్టాడు. ఆ విషం పేగు కణాల చేత ఉప్పుని బయటికి తోయిస్తుంది, ఉప్పు వెంట నీళ్ళూ పోతాయి. అయినా ఆ పేగులో ఒక దారి మూతపడదు. గ్లూకోజు, ఉప్పు కలిసి వస్తే లోపలికి తీసుకునే దారి అది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, బన్‌గావ్‌లో దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళు డ్రమ్ములకొద్దీ చేయించి కుటుంబాల చేత తాగించాడు. 30 శాతం దాకా పోతున్న ప్రాణాలు 4 శాతం లోపుకి తగ్గాయి. 2023లో ఆయనకి పద్మవిభూషణ్ వచ్చింది, అప్పటికి ఆయన లేడు.

ఆ నీళ్ళే ఇవాళ్టి ఓఆర్‌ఎస్. లీటరు నీళ్ళకి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, మరికొన్ని లవణాలు, అంతే. ఏళ్ళ తరబడి అంగళ్ళల్లో ఓఆర్‌ఎస్ అని పేరు రాసి దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు అమ్మారు. చక్కెర ఎక్కువైతే పేగు ఇంకా నీళ్ళు లాగి విరేచనాలు పెరుగుతాయి. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళపాటు ఒంటరిగా పోరాడింది. 2025 అక్టోబరులో మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశమిచ్చింది. అయినా పాత సరుకు ఎక్కడైనా ఉండొచ్చు, నువ్వు చూసే కొను. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉండాలి. దాని మీద ఎన్ని నీళ్ళని రాస్తే అన్నే పొయ్యాలి, చిక్కగా ఉంటే బలమని తక్కువ పోయకు. వాంతి అయితే పది నిమిషాలాగి చెంచా చెంచాగా పట్టు. ఒంటేలు తగ్గినా, మలంలో రక్తం పడినా, పసివాడు మగతగా వాలిపోయినా, కళ్ళు పసుపురంగుకి తిరిగినా ఇంట్లో ఆగొద్దు, ఆస్పత్రికి వెళ్ళు.

రేపు మందుల షాపు ముందు నుంచి వెళ్ళేటప్పుడు నాలుగు ప్యాకెట్లు కొనుక్కో. పిల్లాడికి విరేచనాలైతే పరుగెత్తి కలుపుతావు, అది నాకు తెలుసు. నీకైనప్పుడు కూడా అలాగే కలుపుకుని, పని పక్కన పెట్టి, కూర్చుని తాగు చెల్లీ.